పోర్ట్ వైన్ సీసా తెరిచే ముందు: ఎలా చదవాలి, ఎలా వడకట్టాలి, దేంతో తినాలి, ఎన్నాళ్లు దాచాలి

"పోర్చుగల్ వెళ్లొచ్చినప్పుడు పోర్ట్ వైన్ తెచ్చుకున్నాం. ఫ్రిజ్‌లో పెట్టాలా? దేంతో తినాలి? సగం తాగి అలమారాలో పెట్టేశాం, ఏడాదైంది, ఇంకా బాగుంటుందా?" నన్ను అడిగేవాళ్లు మారుతుంటారు గానీ ప్రశ్నలు మారవు. లండన్ నుంచి తమ్ముడు తెచ్చిన సీసా అయినా, ఎయిర్‌పోర్టు దుకాణంలో కొన్నదైనా, ఆఫీసులో ఎవరో బహుమతిగా ఇచ్చినదైనా అవే మూడు నాలుగు సందేహాలు. విడివిడిగా జవాబులు చెప్పేకంటే ఒకచోట వరసగా రాస్తే మేలనిపించింది.

ముందే ఒక మాట పట్టుకోండి. పోర్ట్ అంటే పోర్చుగల్‌లోని డౌరో లోయలో ద్రాక్ష సారాయి కలిపి చేసే తియ్యని వైన్. అది రెండు రకాలుగా పెరిగి పెద్దదవుతుంది: పీపాలో, లేదా సీసాలో. మీ చేతిలో ఉన్నది ఎక్కడ పెరిగిందో తెలిస్తే ఎంత చల్లగా తాగాలి, వడకట్టాలా వద్దా, దేంతో తినాలి, ఎన్నాళ్లు నిలవుంటుంది అన్నీ దాన్నిబట్టే తేలిపోతాయి. నేను మొదటిసారి ఈ తేడా తెలియక ఒక మంచి వింటేజ్ సీసాను (సీసాలో పెరిగే రకం) తెరిచి, అపురూపమైనది కదా అని రోజుకు రెండు గుక్కల చొప్పున మూడు వారాలు దాచుకుని తాగాను. మొదటి రోజు తాగిందే వైన్. నాలుగో రోజునుంచి అందులో ప్రాణం లేదు. అలాంటి నష్టం మీకు జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కావలసినవి

- పోర్ట్ సీసా
- మామూలు కార్క్ స్క్రూ (అన్ని సీసాలకూ అవసరం రాదు)
- గాజు జగ్గు, లేదా మూతి వెడల్పుగా ఉన్న ఏదైనా గాజు పాత్ర. డికాంటర్ ఉంటే సంతోషం, లేకపోయినా లోటు లేదు
- పలుచని తెల్ల నూలుబట్ట. సబ్బు వాసన ఉండకూడదు
- చిన్న టార్చి, లేదా ఫోన్ లైటు
- చిన్న వైన్ గ్లాసులు, పైకి వెళ్లేకొద్దీ కాస్త ముడుచుకున్న మూతివి
- సీసా మీద తేదీ రాయడానికి మార్కర్

ఇంకో రెండు సంగతులు. పోర్ట్‌లో ఆల్కహాల్ 19 నుంచి 22 శాతం దాకా ఉంటుంది, మామూలు ఎర్ర వైన్‌లో 12 నుంచి 14. తియ్యగా ఉండటంతో ఆ బలం నాలుకకు తెలియదు. చక్కెర కూడా లీటరుకు సుమారు 100 గ్రాములు. మధుమేహం ఉన్నవాళ్లు, మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. గర్భిణులకు వద్దే వద్దు. తాగాక బండి తీయొద్దు, ఒక్క గ్లాసైనా సరే. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు చట్టం ఒప్పుకోదు.

1. ముందు అసలుదో కాదో చూడండి

సీసా మెడ మీద, మూతను దాటుతూ అతికించిన సన్నని కాగితపు పట్టీ కోసం చూడండి. దాని మీద వరస నంబరు ఉంటుంది. డౌరో, పోర్టో వైన్లను పర్యవేక్షించే పోర్చుగల్ సంస్థ ఇచ్చే హామీ ముద్ర అది. ఆ పట్టీ ఉంటే వైన్ డౌరో లోయలోనిదే.

గోవాలో పోర్ట్ అని అమ్మే తియ్యని ఎర్ర వైన్ వేరు. మనలో చాలామంది మొదట రుచి చూసింది అదే కాబట్టి "పోర్ట్ అంటే దగ్గు మందులా ఉంటుంది కదా" అంటుంటారు. దాన్నిబట్టి దీన్ని కొలవొద్దు. అమెరికాలో ఉన్నవాళ్లకూ ఒక హెచ్చరిక: అక్కడ కొన్ని పాత కంపెనీలు కాలిఫోర్నియా వైన్‌కు కూడా పోర్ట్ అనే పేరు పెట్టుకుంటాయి. పేరు చూసి మోసపోకుండా పట్టీ చూడండి.

2. లేబుల్ చదివి, పీపాదో సీసాదో తేల్చుకోండి

లేబుల్ మీద ఈ మాటల్లో ఏదో ఒకటి ఉంటుంది.

*రూబీ, రిజర్వ్ రూబీ:* రెండు మూడేళ్లు పెద్ద తొట్లలో ఉండి, ఎరుపు చెదరకుండా సీసాలోకి వచ్చినవి. ధర తక్కువ. కొన్న వెంటనే తాగేయాలి.

*ఎల్‌బీవీ, అంటే లేట్ బాటిల్డ్ వింటేజ్:* ఒకే ఏడాది పంట. నాలుగు నుంచి ఆరేళ్లు పీపాలో ఉంచి సీసాల్లో నింపుతారు. లేబుల్ మీద రెండు సంవత్సరాలు కనిపిస్తాయి, ఒకటి పంటది, రెండోది సీసాలో నింపినది. మొదటిసారి కొనేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే. వింటేజ్ స్వభావంలో చాలా భాగం దీనిలో దొరుకుతుంది, ధరలో కొంత భాగానికే.

*వింటేజ్:* బాగా పండిన ఏడాదిలోనే చేస్తారు. 2011, 2016, 2017 అలాంటివి. రెండు మూడేళ్లకే సీసాలోకి వెళ్లిపోయి, ఆ తరువాత దశాబ్దాలు అక్కడే పెరుగుతుంది. ఒకే తోట ద్రాక్షతో చేసిన వింటేజ్ అయితే ఆ తోట పేరు ముందు "కింటా" అని ఉంటుంది.

*టానీ, 10, 20, 30, 40 ఏళ్ల టానీ:* చిన్న చెక్క పీపాల్లో గాలి తగులుతూ పెరిగినవి. ఎరుపు పోయి ఇటుక రంగుకు, ఆ తరువాత తేనె రంగుకు వస్తాయి. 10, 20 అన్నవి కచ్చితమైన వయసు కాదు. రకరకాల వయసుల వైన్లు కలిపి ఆ వయసు రుచి రప్పిస్తారు.

*కొలేయిటా:* ఒకే ఏడాది పంటతో చేసిన టానీ. పీపాలో కనీసం ఏడేళ్లు ఉండాలి.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. లేబుల్ మీద సంవత్సరం కనబడగానే వింటేజ్ అనుకుంటారు. ఎల్‌బీవీ మీదా, కొలేయిటా మీదా కూడా సంవత్సరం ఉంటుంది. అంకె పక్కనున్న మాట చదవండి.

పీపా అన్న మాటే పోర్చుగీసువాళ్ల దగ్గర్నుంచి మనకు వచ్చింది, వాళ్లది "పిపా". పోర్ట్ వైన్ కొలత కూడా అదే, ఒక పిపాకు 550 లీటర్లు. మీరు సీసా దాచిన అలమారా కూడా వాళ్ల మాటే.

ఈ సీసా ఎక్కడిది

సిద్ధాంతం ఎక్కువ చెప్పను గానీ, ఈ ఊరి సంగతి తెలియకపోతే కింద చెప్పే జాగ్రత్తలు ఎందుకో అర్థం కావు.

పోర్చుగల్ ఉత్తరాన పోర్టో నగరం నుంచి డౌరో నది వెంబడి పైకి వెళ్తే, మరావ్ కొండలు దాటాక వాతావరణం ఒక్కసారిగా మారిపోతుంది. సముద్రం మీంచి వచ్చే వానను ఆ కొండలు ఆపేస్తాయి. లోపల ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. "తొమ్మిది నెలల చలికాలం, మూడు నెలల నరకం" అని అక్కడివాళ్ల సామెత. నేల మట్టి కాదు, పలకల్లా చీలిపోయే రాయి. ఆ పలకలు నిట్టనిలువుగా చీలి ఉంటాయి కాబట్టి వేళ్లు వాటి సందుల్లోంచి దిగి తడిని వెతుక్కుంటాయి. కొండల వాలు మీద రాళ్లు పేర్చి, అంచెలంచెలుగా గట్లు కట్టి, ద్రాక్ష పెంచారు. మనిషి చేత్తో మలిచిన ఆ కొండలకు 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. పోర్ట్ పేరు మీద నాసిరకం వైన్ అమ్మడం పెరిగిపోతుంటే 1756లో అప్పటి పోర్చుగల్ మంత్రి మార్క్విస్ ద పొంబాల్ ఈ ప్రాంతానికి హద్దులు గీయించాడు. చెక్కిన గ్రానైట్ రాళ్లు పాతి గుర్తు పెట్టారు. వాటిలో కొన్ని ఇప్పటికీ తోటల్లో నిలబడి ఉన్నాయి.

టూరిగా నాసియోనాల్, టూరిగా ఫ్రాంకా, టింటా రోరిజ్ లాంటి ద్రాక్షలను కోసి, రాతి తొట్లలో పోసి కాళ్లతో తొక్కుతారు. ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలు వచ్చినా, మంచి వింటేజ్‌కు కాళ్లతో తొక్కడం ఇంకా పోలేదు. మొదట భుజాలు కలిపి వరసగా నిలబడి, ఒకే లయలో కుడి ఎడమ అడుగులు వేస్తారు. ఆ తరువాత సంగీతం మొదలవుతుంది, ఎవరి అడుగు వాళ్లది. పులియడానికి వీళ్ల దగ్గర రెండు మూడు రోజులకు మించి సమయం ఉండదు. అంతలోనే తొక్కలోని రంగూ వగరూ రసంలోకి దిగాలి, అందుకే అంత తొక్కడం. చక్కెర సగం మిగిలి ఉండగానే 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారాయి కలుపుతారు. లెక్క ఇది: 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారాయి, మొత్తం ఒక పిపా. ఆ బలానికి ఈస్టు చచ్చిపోతుంది, తీపి వైన్‌లోనే మిగిలిపోతుంది.

ఆ తరువాత జరిగేదే మనకు ముఖ్యం. చలికాలం ఆ కొండల్లోనే గడిపిన వైన్‌ను, లోయలో ఎండలు ముదరకముందే వసంతంలో కిందికి దించేవాళ్లు. ఒకప్పుడు రబేలో అనే పడవల మీద, ఇప్పుడు ట్యాంకర్లలో. పోర్టోకు ఎదుటి ఒడ్డున ఉన్న విలా నోవా ద గాయా గోదాముల్లో, సముద్రపు చల్లగాలిలో, నిదానంగా పెరగనిచ్చేవాళ్లు. చాలా కంపెనీలు ఇప్పటికీ అదే చేస్తాయి. అంటే, వైన్‌ను తయారుచేసిన వాళ్లే దాన్ని ఎండకు భయపడి చల్లని చోటికి తరలించారు. మనం దాన్ని తెచ్చి మే నెలలో విజయవాడలో అటక మీద పెడతాం.

3. తెరిచేదాకా ఎక్కడ ఉంచాలి

మూత చూడండి. పైన ప్లాస్టిక్ టోపీ ఉన్న పొట్టి బిరడా అయితే సీసా నిలబెట్టే ఉంచాలి. రూబీ, టానీ, ఎక్కువ ఎల్‌బీవీలు ఇలాంటివే. పొడుగాటి మామూలు బిరడా అయితే పడుకోబెట్టాలి. వింటేజ్‌లూ, వడకట్టకుండా నింపిన ఎల్‌బీవీలూ ఇలా వస్తాయి. బిరడా తడిగా ఉండకపోతే ఎండి గాలి లోపలికి పోతుంది.

వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో కింది అర చాలు. కొన్ని నెలలకైతే ఇబ్బంది లేదు. అటక, ఫ్రిజ్ పైన, పొయ్యి పక్కన, హాల్లో ఎండ పడే గాజు అలమారా: ఈ నాలుగు చోట్లా పెట్టకండి. వేడికి దెబ్బతిన్నదో లేదో బయట నుంచే కొంత తెలుస్తుంది. బిరడా సీసా అంచుకు పైకి తోసుకొచ్చినా, మెడ చుట్టూ జిగురు కారిన చార ఉన్నా అనుమానించండి.

విమానంలో తెచ్చేవాళ్లకు: మన కస్టమ్స్ సుంకం లేకుండా పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి 2 లీటర్ల వరకు అనుమతిస్తుంది. అంటే మామూలు 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు.

4. చల్లబరచండి

పాశ్చాత్య పుస్తకాల్లో ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో ఇవ్వమని ఉంటుంది. వాళ్ల గది 18 డిగ్రీలు. మన గది 32. ఈ ఒక్క మాటను నమ్మి ఎంతమంది మంచి పోర్ట్‌ను గోరువెచ్చగా తాగి ముఖం చిట్లించారో.

- రూబీ, ఎల్‌బీవీ, వింటేజ్: 16 నుంచి 18 డిగ్రీలు. మన ఎండాకాలంలో ఫ్రిజ్‌లో దాదాపు గంటన్నర.
- టానీ, కొలేయిటా: 12 నుంచి 14 డిగ్రీలు. రెండున్నర గంటలు.
- తొందరగా కావాలంటే బకెట్‌లో సగం నీళ్లు, సగం ఐసు. పావుగంటలో పని అయిపోతుంది. ఉట్టి ఐసు కంటే నీళ్లు కలిపిన ఐసు త్వరగా చల్లబరుస్తుంది.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి థర్మామీటర్ అక్కర్లేదు. కొంచెం గ్లాసులో పోసి వాసన చూడండి. ముక్కులో సారాయి ఘాటు గుచ్చుకుంటే ఇంకా వెచ్చగా ఉంది, మళ్లీ లోపల పెట్టండి. వాసనే రాకుండా నాలుక వగరుగా పట్టేస్తే మరీ చల్లబడింది, గ్లాసును అరచేతుల్లో పెట్టుకుని ఐదు నిమిషాలు ఆగండి.

గ్లాసులో ఐసు ముక్కలు వేయకండి. తెల్ల ద్రాక్షతో చేసే వైట్ పోర్ట్ ఒక్కదానికే మినహాయింపు. దానిలో ఐసు, టానిక్ నీళ్లు, నిమ్మ చెక్క వేసి భోజనానికి ముందు తాగడం పోర్టోలో మామూలే.

5. తెరవండి

వింటేజ్, వడకట్టని ఎల్‌బీవీ అయితే తెరిచే ముందే ఆరో అంకె చదవండి. పొట్టి బిరడాను చేత్తో తిప్పి లాగితే వచ్చేస్తుంది. పొడుగు బిరడాకు స్క్రూను నడిమధ్యన నిలువుగా దింపి, మెల్లగా, అటూ ఇటూ వంచకుండా లాగండి.

సీసా పాతికేళ్లు దాటిందైతే బిరడా విరిగిపోవచ్చు. కంగారు పడకండి. మిగిలిన ముక్కకు స్క్రూను ఏటవాలుగా పట్టించి మరోసారి ప్రయత్నించండి. రాకపోతే లోపలికే తోసేసి, బట్టలో వడకట్టండి. రుచికి ఏమీ కాదు. కొందరు సీసా మెడను ఎర్రగా కాల్చిన పట్టకారుతో పట్టి, తడిబట్ట అద్ది, గాజును చిట్లించి తెరుస్తారు. వీడియోల్లో చాలా అందంగా ఉంటుంది. ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద పట్టకారు కాల్చి దాన్ని అనుకరించకండి.

6. మడ్డి తేర్చండి

ఇది వింటేజ్‌కూ, వడకట్టని ఎల్‌బీవీకీ మాత్రమే. టానీకీ రూబీకీ అవసరం లేదు, ఆరో అంకె వదిలేసి ఏడుకు వెళ్లండి.

అ. తెరిచే ముందు రోజే సీసాను నిలబెట్టండి. కనీసం 24 గంటలు. మడ్డి అంతా అడుగుకు దిగాలి.

ఆ. జగ్గును వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి. లోపల తల పెట్టి వాసన చూడండి. గిన్నెలు తోమే సబ్బు వాసన ఏమాత్రం వచ్చినా మళ్లీ కడగండి.

ఇ. టార్చిని బల్ల మీద పెట్టి, వెలుగు పైకి వచ్చేలా చూసుకోండి. సీసా మెడ ఆ వెలుగు మీదుగా ఉండేలా పట్టుకుని, ఒకే ధారగా, ఆపకుండా వంచండి. మధ్యలో ఆపి సీసా నిలబెడితే లోపలి వైన్ వెనక్కి కొట్టుకుని మడ్డి లేచిపోతుంది.

ఈ. సీసా భుజం దగ్గరికి నల్లని పొగలాంటి గీత రాగానే ఆపేయండి. అడుగున చిన్న టీ గ్లాసు సగం మిగిలిపోతుంది. మిగలనివ్వండి. ఆ కొంచెం కోసం కక్కుర్తి పడితే జగ్గంతా బురదవుతుంది. మనసొప్పకపోతే దాన్ని విడిగా బట్టలో వడకట్టి వంటకు వాడుకోండి.

కాఫీ ఫిల్టర్ కాగితం వాడొచ్చా అని అడుగుతారు. కొన్ని కాగితాలు వాటి రుచిని వైన్‌కు అంటిస్తాయి. నూలుబట్టే మంచిది, నీళ్లలో తడిపి గట్టిగా పిండి వాడండి.

తేర్చాక ఎంతసేపు ఆగాలి? పదేళ్ల లోపు వింటేజ్ అయితే రెండు నుంచి నాలుగు గంటలు గాలి తగలనివ్వండి. ముప్పై ఏళ్లు దాటిందైతే తాగే ముందే తేర్చండి, ఎక్కువ గాలికి ఉన్న పరిమళం ఎగిరిపోతుంది.

సరిగ్గా చేశారో లేదో ఇలా చూడండి: గ్లాసులో పోసి వెలుగుకు ఎదురుగా పట్టండి. నలుపు తిరిగిన ఎరుపైనా తేటగా ఉండాలి. మసకగా ఉంటే జగ్గును ఒక గంట కదపకుండా ఉంచి, పైనుంచి మళ్లీ తేర్చుకోండి.

7. పోయండి, తినండి

ఒకరికి 75 మిల్లీలీటర్లు చాలు. ఆల్కహాల్ లెక్కన అది మామూలు వైన్ 120 మిల్లీలీటర్లతో సమానం.

ఇక తిండి. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: పళ్లెంలోది గ్లాసులో ఉన్నదానికంటే తియ్యగా ఉండకూడదు. ఉంటే వైన్ పుల్లగా, పలుచగా అయిపోతుంది. గులాబ్ జామ్ తిని పోర్ట్ తాగి "ఇదేమిటి, చెడిపోయిందా" అని ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. చెడిపోలేదు, పాకం దాన్ని చంపేసింది.

సీసాలో పెరిగిన వాటికీ, ఎర్రగా ఉన్నవాటికీ ఉప్పగా, కొవ్వుగా ఉన్నవి బాగుంటాయి. ఇంగ్లండులో క్రిస్మస్‌కు స్టిల్టన్ అనే నీలి చారల చీజ్‌తో వింటేజ్ పోర్ట్ తాగడం పాత ఆనవాయితీ. ఉప్పును తీపి, కొవ్వును వగరు కోసేస్తాయి. నీలి చీజ్ వాసన పడనివాళ్లు బాగా ముదిరిన చెడ్డార్ ముక్కతో మొదలుపెట్టండి. 70 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ కూడా మంచి జోడీ. మిల్క్ చాక్లెట్ వద్దు, తీపి ఎక్కువ.

పీపాలో పెరిగిన టానీది వేరే లోకం. గింజలు, ఎండు పళ్లు, కారమెల్ రుచులు దానిలోనే ఉంటాయి, పక్కన కూడా అవే పెట్టాలి. డౌరో పైభాగంలో ద్రాక్షతో పాటు బాదం చెట్లూ పెంచుతారు, కాబట్టి అక్కడ టానీ పక్కన వేయించిన బాదం ఉండటం సహజం. గుడ్డు పచ్చసొనతో చేసే చిన్న తీపి టార్ట్, పాస్తెల్ ద నాతా కూడా దానికి చక్కగా కుదురుతుంది, పైన మాడిన మచ్చలు ఉంటాయి కదా, ఆ కమురు రుచి టానీని పిలుస్తుంది. సెర్రా ద ఎస్త్రేలా కొండల గొర్రెపాల చీజ్ దొరికితే వదలకండి. చెంచాతో తీసుకునేంత మెత్తగా ఉంటుంది. పాలు విరగడానికి జంతువుల కడుపు నుంచి తీసే రెన్నెట్ కాకుండా ఒక ముళ్ల మొక్క పువ్వు వాడతారు, అందుకని శాకాహారులకూ అభ్యంతరం ఉండదు.

మన ఇళ్లలో ఉన్నవాటి మాట. నేను పదేళ్ల టానీతో చాలా పండుగల పూట ప్రయత్నించాను. బెల్లం దానికి దగ్గరి చుట్టం, పంచదార కాదు. నువ్వులద్దిన అరిసె ముక్క, నేతిలో వేయించిన జీడిపప్పు, ఖర్జూరం, వేరుసెనగ అచ్చు బాగా కుదిరాయి. పూతరేకుల్లో బెల్లం, జీడిపప్పు వేసినవి ఎంతో బాగున్నాయి. పంచదార పూతరేకుతో అదే వైన్ వెలవెలబోయింది. మైసూర్ పాక్, జాంగ్రీ, రసగుల్లా వద్దు. ఏ తీపి అయినా వేలెడు ముక్కే పెట్టండి, కడుపునిండా కాదు.

కారంతో జాగ్రత్త. ఆల్కహాల్ కారాన్ని పెంచుతుంది. గోంగూర మాంసం, ఆవకాయ, గుంటూరు కారం పడిన వేపుళ్ల పక్కన 20 శాతం వైన్ పెడితే గొంతు మండటం తప్ప ఏమీ తెలియదు. బిర్యానీతో పాటు కాకుండా, బిర్యానీ తిని, చేతులు కడుక్కుని, అరగంట కూర్చున్నాక గ్లాసు తీయండి.

జోడీ కుదిరిందో లేదో తేల్చుకునే పద్ధతి: ఒక గుక్క వైన్, ఒక ముక్క తిండి, మళ్లీ ఒక గుక్క. రెండో గుక్క మొదటిదానికంటే పుల్లగా అనిపిస్తే తీపి తగ్గించండి. మంటగా ఉంటే కారం తీసేయండి. చప్పగా ఉంటే రెండు గింజలు ఉప్పు చల్లి చూడండి, జీడిపప్పు విషయంలో ఈ ఉప్పే చాలాసార్లు పని చేస్తుంది.

8. మిగిలింది దాచండి

తెరిచిన రోజే మార్కర్‌తో తేదీ రాయండి. మూత బిగించి, నిలబెట్టి, ఫ్రిజ్‌లో పెట్టండి. ఏ రకమైనా సరే, మన వాతావరణంలో ఫ్రిజ్ బయట వద్దు.

- వింటేజ్: 1 నుంచి 2 రోజులు
- ఎల్‌బీవీ: 4 నుంచి 5 రోజులు
- రూబీ, రిజర్వ్ రూబీ: 8 నుంచి 10 రోజులు
- మామూలు టానీ: 3 నుంచి 4 వారాలు
- 10 ఏళ్లు, ఆ పైబడిన టానీ: నెల నుంచి నాలుగు నెలలు

కారణం మొదట చెప్పిందే. టానీ పీపాలో ఏళ్ల తరబడి గాలికి అలవాటు పడింది. వింటేజ్ సీసాలో గాలి లేకుండా పెరిగింది, ఒక్కసారి తగిలితే తట్టుకోలేదు. కాబట్టి నలుగురు వచ్చే రోజున వింటేజ్ తెరవండి. ఒక్కరే రాత్రి భోజనం తరువాత చిన్న గ్లాసు తాగే అలవాటున్నవాళ్లు టానీ కొనుక్కోండి.

వింటేజ్ సగమే తాగుతామని ముందే తెలిస్తే, తేర్చిన వెంటనే మిగతా సగాన్ని శుభ్రమైన చిన్న సీసాలో అంచుదాకా నింపి మూసేయండి. గాలికి చోటు లేకపోతే కొన్ని రోజులు ఎక్కువ నిలుస్తుంది.

ఏడాదిగా అలమారాలో ఉన్న సగం సీసా సంగతికి వద్దాం. గ్లాసులో పోసి చూడండి. రూబీ ఇటుక రంగుకు తిరిగి, వాసనలో పళ్లు పోయి, గోళ్ల రంగులాంటి ఘాటో వెనిగరో తగిలితే దాని పని అయిపోయింది. అంత ఆల్కహాల్‌లో హానికరమైన సూక్ష్మజీవులు పెరగవు, కానీ తాగడానికి ఆనందం లేదు. వెనిగర్ వాసన రాకుండా, చప్పబడి మాత్రమే ఉంటే ఒక కప్పు వైన్‌కు రెండు చెంచాల పంచదార, రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క వేసి, సన్నని సెగ మీద మూడో వంతు మిగిలేదాకా మరిగించండి. చెంచా వెనక అంటుకునేంత చిక్కబడాలి. వెనిలా ఐస్‌క్రీం మీద, ఉడికించిన బేరిపళ్ల మీద బాగుంటుంది. మరిగేటప్పుడు గిన్నె మీదికి వంగకండి, ఆవిరిలో ఆల్కహాల్ ఉంటుంది, గ్యాస్ మంట అంటుకోవచ్చు.

పెళ్లికి దాచే సీసా

ఇది విడిగా చెప్పాలి, అడిగేవాళ్లలో ఆశ ఎక్కువ కాబట్టి. అమ్మాయి పుట్టినప్పుడు ఒకాయన ఇరవై ఏళ్ల టానీ కొని, పెళ్లికి నలభై ఏళ్లదవుతుందని బీరువాలో భద్రపరిచారు. కాదు. టానీ పెరుగుదల పీపాతోనే ఆగిపోతుంది. సీసాలోకి వచ్చాక అది మెరుగుపడదు, ఎక్కువ కాలం ఉంచితే వాడిపోతుంది. వెనక లేబుల్ మీద సీసాలో నింపిన సంవత్సరం ఉంటుంది, అది చూసి రెండు మూడేళ్లలో తాగేయండి.

దాచాలంటే వింటేజే కొనాలి. పుట్టిన ఏడాదికి పెద్ద కంపెనీల వింటేజ్ లేకపోతే, అదే ఏడాది కింటా వింటేజ్ ఏదైనా ఉందేమో చూడండి. అదీ లేకపోతే ఇప్పుడేమీ కొనకండి. పెళ్లినాటికి ఆ ఏడాది కొలేయిటా వెతకండి, అన్నాళ్లూ విలా నోవా ద గాయాలో చల్లని గోదాములో పీపాలోనే పెరిగి, అప్పుడే సీసాలోకి వచ్చింది దొరికితే అంతకంటే మంచిది లేదు.

వింటేజ్ కొన్నారా, వైన్ ఫ్రిజ్ ఉంటేనే ఇక్కడ దాచండి, 12 నుంచి 15 డిగ్రీల మధ్య, వెలుతురు లేకుండా. లేదంటే చల్లని దేశంలో ఉన్న మీవాళ్ల ఇంట్లో, నేలమాళిగలో ఉంచమనండి. పాత సీసాల మీద ఒక పక్క తెల్లని సున్నపు గీత కనిపిస్తే, అది పైకి ఉండేలా పడుకోబెట్టండి. మడ్డి ఎదుటి పక్కన పేరుకుని ఉంటుంది. గీత లేకపోతే లేబుల్‌ను పైకి పెట్టి, మధ్యలో ఎప్పుడు కదిపినా మళ్లీ అలాగే పెట్టండి.